ఫారంలో ఆ ఒక్క గడి

1999లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక అధ్యయనం వచ్చింది. 720 మంది అమెరికన్ డాక్టర్లకు ఛాతీ నొప్పితో వచ్చిన రోగుల వీడియోలు చూపించారు. నిజానికి వాళ్లు రోగులు కారు, నటులు. అందరికీ ఒకే ఆసుపత్రి గౌను, ఒకే డైలాగు. వీళ్లలో ఎవరిని యాంజియోగ్రామ్‌కు పంపుతారని అడిగితే తెల్లవాళ్ల విషయంలో, నల్లజాతి మగవాళ్ల విషయంలో నూటికి 90 మందికి పైగా డాక్టర్లు పంపమన్నారు. నల్లజాతి స్త్రీ దగ్గరికి వచ్చేసరికి అది 79కి పడిపోయింది.

పత్రికలేమో నల్లవాళ్లందరికీ, ఆడవాళ్లందరికీ అవకాశం 40 శాతం తక్కువని రాసేశాయి. లెక్క తప్పు. ఆ తప్పును ఎత్తిచూపిన వ్యాసం అదే జర్నల్‌లో వచ్చింది. హడావుడి చల్లారింది కానీ, ఆ 79 మాత్రం మారలేదు.

డాక్టరు మనసులో ఏముందన్న చర్చ ఎప్పుడూ ఉండేదే. నాకు అంతకన్నా కాగితం మీదే అనుమానం ఎక్కువ. హార్ట్ ఫెయిల్యూర్‌తో చేరినవాళ్లు ఆసుపత్రిలో చనిపోయే ముప్పు ఎంతో చెప్పడానికి అమెరికన్ హార్ట్ అసోసియేషన్ ఒక స్కోరు తయారుచేసింది. వయసు, బీపీ, నాడి, సోడియం... వీటితో పాటు జాతి. నల్లజాతి కాకపోతే 3 పాయింట్లు అదనం. అంటే పక్క పక్క మంచాల మీద ఇద్దరికీ అవే రిపోర్టులు ఉన్నా, నల్లజాతి రోగికి ముప్పు తక్కువని కాగితం చెప్పేది. ఎందుకు తక్కువో మాత్రం చెప్పేది కాదు. ముప్పు తక్కువన్నాక స్పెషలిస్టు దాకా ఎవరు పంపుతారు? ఆ స్కోరు వల్లేనని అనను గానీ, బోస్టన్‌లోని ఒక పెద్ద ఆసుపత్రి పదేళ్ల రికార్డులు తిరగేస్తే నల్లజాతి, లాటినో (లాటిన్ అమెరికా మూలాలున్న) రోగులు కార్డియాలజీ వార్డులో చేరడం తక్కువేనని 2019లో తేలింది.

మనవాళ్ల సంగతి ఇంకో రకం. 2013 నాటి గుండెజబ్బు రిస్క్ క్యాలిక్యులేటర్‌లో జాతిని బట్టి లెక్కలు రెండే: తెల్లవాళ్లకొకటి, నల్లవాళ్లకొకటి. డాలస్‌లో ఉన్న తెలుగాయన 'ఇతరులు' అని నొక్కితే అది తెల్లవాడి లెక్కే కట్టేది. మన దక్షిణాసియా వాళ్లకు గుండెజబ్బు చిన్న వయసులోనే వస్తుందని తెలిసినా అంతే! 2018 నాటి అమెరికా కొలెస్టరాల్ మార్గదర్శకాల్లో దక్షిణాసియా మూలాలను ముప్పు పెంచే అంశంగా చేర్చారు.

2023లో వచ్చిన కొత్త లెక్క, ప్రివెంట్, జాతి గడినే తీసేసింది. కావాలంటే జిప్‌కోడ్ (మన పిన్‌కోడ్ లాంటిది) ఇవ్వొచ్చు, దాన్నిబట్టి ఆ పేట పేదరికాన్ని లెక్కలోకి తీసుకుంటుంది. నల్లజాతి పేటలకు ఇది మేలే అనుకుంటాను. డాలస్ పక్కనున్న ఫ్రిస్కోలో మంచి ఇల్లు కొనుక్కున్న మనవాడికి మాత్రం జిప్‌కోడ్‌తో ఒరిగేదేమీ లేదు. మీ నాన్నకు ఎన్నో ఏట గుండెపోటు వచ్చిందని ఆ క్యాలిక్యులేటర్ అడగదు. డాక్టరు అడిగేదాకా ఆగకుండా మనమే చెప్పుకోవాలి.