మూడో నంబరుకు పన్నెండు సబ్బులు

కృష్ణపట్నం ఓడరేవులో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారని టీవీలో చెప్పగానే మత్స్యకారులు పడవల్ని ఒడ్డుకు లాగుతారు. రైతులు నారుమళ్లకు గండ్లు కొట్టి నీళ్లు వదులుతారు. నేను రెండు గుడ్డసంచులు తీసుకుని నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటకు బయలుదేరతాను. ఎవరి వృత్తిధర్మం వారిది.

తెలియనివారి కోసం మనవి చేస్తున్నాను. ఓడరేవు హెచ్చరికలు 1 నుంచి 11 దాకా ఉంటాయి. ఒకటి, రెండు అంటే ముప్పు ఎక్కడో నడిసముద్రంలో ఉంది. మూడు, నాలుగు అంటే రేవుకు ఈదురుగాలుల బెడద ఉండవచ్చు. ఐదు నుంచి ఏడు ప్రమాదం, ఎనిమిది నుంచి పది మహాప్రమాదం. ఇంత గొప్ప శాస్త్రాన్ని ఓడలకే వదిలేయకుండా స్నానాలగదికి అన్వయించిన ఘనత నాది. అల్పపీడనమైతే పేస్టు ఒకటి. వాయుగుండమైతే నాలుగు సబ్బుల కట్ట. తీవ్ర వాయుగుండానికి షాంపూ పొట్లాల దండ. తుఫానుకు డజను సబ్బులు, తలనూనె, పౌడరు, 40 బ్లేళ్లు. బ్లేళ్లెందుకని మా ఆవిడ అడిగింది. పునరావాస కేంద్రానికి టీవీ వాళ్లు వస్తారు. వారం రోజుల గడ్డంతో మైకు ముందు నిలబడితే నెల్లూరు పరువేం కావాలి?

పదకొండో నంబరు సంగతి వేరు. హెచ్చరికల కేంద్రంతో మాటా మంతీ పూర్తిగా తెగిపోయిందని దాని అర్థం. మా ఇంట్లో అది సరుకుల బిల్లు బయటపడిన సాయంత్రం ఎగిరింది. మూడు రోజుల దాకా దించలేదు.

నా లెక్కల్లో మాత్రం తప్పు పట్టడానికి వీల్లేదు. మూడు నెలలకోసారి బ్రష్షు మార్చమని పళ్ల డాక్టర్లు చెబుతారు. ఇంట్లో ఐదుగురం. ఏడాదికి 20 బ్రష్షులు. కొన్నాను. అమ్మకు మిగిలినవి నాలుగు పళ్లే, వాటిని కూడా ఆవిడ వేపపుల్లతోనే తోముకుంటుందన్నది నిజమే. కానీ ప్రణాళిక వేసేవాడు మనుషుల్ని లెక్కపెట్టాలి గానీ పళ్లను కాదు.

అసలు నెల్లూరు గృహస్థుకు ఆపద బంగాళాఖాతం నుంచే రానక్కర్లేదు. విజయవాడ వైపు నుంచి కారులో కూడా వస్తుంది. తిరుపతి వెళ్లే చుట్టాలందరికీ మా ఊరు దారిలోనే తగులుతుంది. తెల్లవారుజామున నాలుగింటికి గేటు చప్పుడవుతుంది. ‘స్నానాలు చేసి వెళ్లిపోతాం, మీరేం హడావుడి పడకండి బావగారూ’ అంటారు. ఏడుగురు దిగుతారు. ఏడు తలంట్లు. వాళ్లు వెళ్లాక చూస్తే నిన్న విప్పిన సబ్బు మీద పేరు అరిగిపోయి ఉంటుంది, పేస్టు గొట్టం నడుం విరిగి ఉంటుంది. తిరుగు ప్రయాణంలో లడ్డూ ఇస్తారు గనుక నోరు మెదపలేం. గుండ్లతో వస్తారు గనుక ఆ పూటకు షాంపూ ఆదా.

రాష్ట్రంలో తొలి కరోనా కేసు 2020 మార్చి 12న మా నెల్లూరులోనే బయటపడింది. అలాంటి ఊళ్లో కాపురం ఉంటూ శానిటైజరు లేకపోతే ఎలా? 200 మిల్లీలీటర్ల సీసాను 100 రూపాయలకు మించి అమ్మకూడదని కేంద్రం ఆ నెలలోనే కట్టడి చేసింది. నేను సీసాల జోలికి పోలేదు, ఏకంగా ఐదు లీటర్ల డబ్బా సంపాదించాను. ఇప్పటికీ నాలుగు లీటర్లుంది. పొయ్యి ఉంది గనుక అమ్మ దాన్ని వంటింట్లోకి రానివ్వదు, దేవుడి దీపం ఉంది గనుక హాల్లోకి రానివ్వదు. అది నా మంచం కింద ఉంది. ఆరేళ్లుగా నేను నిప్పుకు భయపడుతూ నిద్రపోతున్నాను.

ఇక అసలు పరీక్ష. 2021 నవంబరు 19న కడప జిల్లాలో చెయ్యేటి మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. దిగువన పెన్నా నది మీద సోమశిల జలాశయం గేట్లెత్తారు. పెన్న పొంగి మా ఊరి పక్కనున్న పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయింది, హైవేకు గండి పడింది. దేశం చూపు పడుగుపాడు మీద ఉన్న వేళ నా చూపు మా చెక్క బీరువా అడుగు అర మీద ఉంది. నిల్వంతా అక్కడే. బరువైనవి కింద పెట్టాలని చిన్నప్పుడు ఎవరో చెప్పారు, వారెవరో ఇప్పుడు దొరికితే బాగుండు.

వరద నీరు సినిమాల్లోలా ఎగిరి దూకదు. గడప కింది నుంచి చాప పరుచుకున్నట్టు మెల్లగా వస్తుంది. అర్ధరాత్రి దాటాక లేచి కాలు కింద పెట్టేసరికి మడమ దాకా తడి. ముందు బట్టల సబ్బుపొడి సంచులు తెగాయి, ఆ తర్వాత ఒంటి సబ్బులు నానాయి. టార్చి వేసి చూస్తే హాలంతా తెల్లటి నురగ. మంచంకోళ్ల చుట్టూ, అమ్మ కుర్చీ చుట్టూ, కాసేపు గంధం వాసనతో, కాసేపు నిమ్మ వాసనతో. జిల్లాను ముంచిన పెన్నమ్మ మా ఇంట్లో మాత్రం తలంటు పోసుకుంది. దోమల కాయిల్స్ మెత్తబడి పచ్చి జంతికల్లా అయ్యాయి. నెల్లూరు దోమకు అంతకన్నా శుభవార్త ఏముంటుంది? షాంపూ పొట్లాలు మాత్రం దండకు దండే తేలుతూ గుమ్మం దాటి పోయాయి, పెళ్లి ఊరేగింపులా.

పై వాటా వాళ్లు పిలిచి చోటిచ్చారు. రెండు గదుల్లో పదకొండుమంది. అక్కడ ఏం కావలసి వచ్చిందో వరసగా చెబుతాను. తాగే నీళ్లు. మూత ఉన్న బకెట్టు. పొడి తువ్వాలు. తడవని అగ్గిపెట్టె. పేస్టును ఎవరూ అడగలేదు, పుక్కిలించడానికి నీళ్లుంటే కదా. తెల్లవారేవేళకు మా అమ్మాయి వాళ్లమ్మ చెవిలో ఏదో చెప్పింది. మా ఆవిడ పైవాటావిడ చెవిలో చెప్పింది. ఆవిడ లోపలికి వెళ్లి, వాడగా మిగిలిన సగం ప్యాకెట్టు కొంగు చాటున తెచ్చి ఇచ్చింది. ముగ్గురు ఆడవాళ్లకు నాలుగు మిగిలాయి. రోడ్డు ఎప్పుడు తేలుతుందో తెలియదు.

నేను గొంతు సవరించుకుని, నా దగ్గర 40 బ్లేళ్లు భద్రంగా ఉన్నాయని ప్రకటించాను. ఎవరూ మాట్లాడలేదు.

తర్వాత చాలాసేపు నా జాబితాను మనసులోనే తిరగేశాను. మీసానికి రంగు ఉంది. గీసుకున్నాక రాసుకునే లోషను ఉంది. అది మాత్రం లేదు. పదిహేనేళ్ల కాపురంలో దాన్ని నేను ఒక్కసారీ కొనలేదు, నెలనెలా అది ఇంటికి ఎలా వస్తోందని ఒక్కసారీ అడగలేదు. ఓదార్పు ఏమిటంటే, నాకు తోడు ఉంది. ఆ వరదలకు ప్రభుత్వం బాధిత కుటుంబాలకు 25 కిలోల బియ్యం, కిలో చొప్పున కందిపప్పు, ఉల్లిపాయలు, బంగాళాదుంపలు, లీటరు నూనె, చేతిఖర్చుకు 2,000 రూపాయలు ప్రకటించింది. అందులోనూ ఆ వస్తువు లేదు. ఆ జాబితా రాసిన పెద్దమనిషికీ నాకూ ఎక్కడో చుట్టరికం కలవాలి.

2025 సెప్టెంబరు 22 నుంచి సబ్బులు, షాంపూ, పేస్టు, తలనూనెల మీద జీఎస్టీ 18 శాతం నుంచి 5 శాతానికి దిగింది. ఇంతకన్నా ముహూర్తం ఉంటుందా అని ఆ అక్టోబరులోనే సంచులు దులిపాను. మా ఆవిడ నా జాబితా చదివి, వెనక్కి తిప్పి, ఒకే ఒక్క మాట పెద్ద అక్షరాలతో రాసి ఇచ్చింది. ‘దీని మీద పన్ను 2018లోనే తీసేశారు. అప్పుడు మీకెందుకో ముహూర్తం కుదరలేదు’ అంది.

కొట్లో జనం ఉన్నారు. సబ్బుల పేర్లు గట్టిగా చదివాను. ఆ ఒక్క మాట దగ్గరికి వచ్చేసరికి చీటీని మడిచి, శెట్టిగారికి లంచం ఇస్తున్నట్టు అందించాను. ఆయన చూసి, లోపలి కుర్రాడికి కళ్లతో సైగ చేశాడు. 12 సబ్బులనూ నలుగురికీ కనిపించేలా సంచిలో పేర్చాడు. ఆ నాలుగు ప్యాకెట్లను మాత్రం పాత పేపర్లో చుట్టి, పురికొస కట్టి, నల్ల కవర్లో వేసి, దాన్ని ఇంకో నల్ల కవర్లో వేశాడు. పక్కనున్న పెద్దాయన అనుమానంగా చూసి, ‘పండక్కి పటాకులా నాయనా?’ అని అడిగాడు. అవునన్నాను.

ఇంటికి వచ్చాక మా ఆవిడ స్టూలు ఎక్కి ఆ పొట్లాన్ని అటక మీద, అమ్మ కుంకుడుకాయల డబ్బా పక్కన పెట్టింది. నేను సబ్బులు ఒక్కొక్కటే పైకి అందించబోయాను.

‘అక్కడ చోటు లేదు. మీవి కిందే ఉండనివ్వండి’ అంది.