గోదాము కొలువులకు నెలవారీ లెక్క కావాలి

2022 ఏప్రిల్‌లో సంగారెడ్డిలో ఫ్లిప్‌కార్ట్ సుమారు 4 లక్షల చదరపు అడుగుల పార్సిల్ కేంద్రాన్ని ప్రారంభించింది. ఇలాంటిది ఎక్కడ తెరిచినా ‘ప్రత్యక్షంగా, పరోక్షంగా ఇన్ని వేల ఉద్యోగాలు’ అన్న ప్రకటన వెలువడడం మామూలే. చిక్కంతా ఆ ‘పరోక్షంగా’లోనే ఉంది, లారీ డ్రైవరు మొదలుకొని గేటు ముందు టీకొట్టు దాకా అందులో ఎవరినైనా కలిపేయవచ్చు.

లోపలి పనిని చిన్నచూపు చూడనక్కర్లేదు. చేతిలోని స్కానర్ ఏ ర్యాకు, ఏ అర అని చూపిస్తే పికర్ నడిచి వెళ్లి ఆ వస్తువు తెస్తాడు; గంటకు ఎన్ని తీశాడో అదే స్కానర్ లెక్కగడుతుంది. ఆ తరువాత ప్యాకింగ్, పిన్‌కోడ్ వారీగా విడదీయడం, లారీలకెత్తడం. పది, ఇంటర్ చదివి కూలికి వెళుతున్న చుట్టుపక్కల ఊళ్ల యువతకు, ముఖ్యంగా ఆడపిల్లలకు, పీఎఫ్, ఈఎస్ఐ ఉన్న మొదటి జీతం ఇదే కావచ్చు. కాకపోతే వారిలో చాలామంది పేర్లు ఉండేది కంపెనీకి మనుషులను సరఫరా చేసే మ్యాన్‌పవర్ ఏజెన్సీ రోల్స్‌లో. దసరా అమ్మకాలకు ముందు బస్సులు పెట్టి మరీ పిలిచినవారికి దీపావళి వెళ్లగానే ‘మళ్లీ కబురు చేస్తాం’ అన్న మాటే మిగులుతుంది.

ఇవన్నీ కొత్త కొలువులేనా అన్నది మరో ప్రశ్న. 2017 జులైలో జీఎస్టీ రాకముందు, అంతర్రాష్ట్ర అమ్మకంపై పడే కేంద్ర అమ్మకపు పన్నును తప్పించుకోవడానికి కంపెనీలు రాష్ట్రానికొక చిన్న గోదాము నడిపేవి. ఆ అవసరం తీరిపోయాక వాటిని పెద్ద కేంద్రాల్లో కలిపేస్తున్నాయి. ఒకచోట కనిపించే వెయ్యి ఉద్యోగాల్లో కొన్ని మరోచోట మూతపడిన గోదాములవే కావచ్చు.

పార్సిల్‌ను ఇంటికి చేర్చే కుర్రాడికైతే చాలాచోట్ల జీతమే లేదు, పార్సిల్‌కు ఇంత అన్న లెక్క తప్ప. అగ్రిగేటర్లు, అంటే కొనేవారినీ అమ్మేవారినీ యాప్‌ల ద్వారా కలిపే కంపెనీలు, తమ వార్షిక టర్నోవరులో 1 నుంచి 2 శాతం ఇలాంటి కార్మికుల సామాజిక భద్రతకు చెల్లించాలని 2020 నాటి సామాజిక భద్రతా స్మృతి చెబుతోంది. అది అమలులోకి రావడానికే 2025 నవంబరు దాకా పట్టింది.

యజమానులు, ఏజెన్సీలు నెలనెలా పీఎఫ్ జమచేస్తూ ఎవరి పేరిట ఎంత కట్టారో వివరాలు సమర్పిస్తూనే ఉంటారు గనుక, ఇలాంటి కేంద్రాలకు రాయితీలిచ్చే ప్రభుత్వం కేంద్రాల వారీగా, పేర్లు లేకుండా, ఎంతమందికి పీఎఫ్ కట్టారన్న సంఖ్యను మాత్రమే పన్నెండు నెలలకూ వెల్లడించమని షరతు పెట్టవచ్చు. అక్టోబరు అంకె పక్కనే ఫిబ్రవరి అంకె కూడా అప్పుడు కనబడుతుంది.