మాగాయ మీద మైసూరు పొగ

మొన్న వేసవి దాకా మా ఇంట్లో ఒక మోటారు సైకిలుండేది. ఎక్కడుందని ఎవరైనా అడిగితే మాత్రం ఫలానా చోటని చూపించలేకపోయేదాన్ని. ఇంజను వరండాలో, ట్యాంకు మంచం కింద, హ్యాండిలు అటక మీద మా అత్తగారి కావిడిపెట్టె పక్కన, చక్రాలు రెండూ బియ్యం డ్రమ్ము వెనక. సీటు హాల్లో ఉండేది, దాని మీద కూచుని మా చిన్నాడు ఎక్కాలు వల్లించేవాడు. బండి మా ఇంట్లో ఉందో, మేమే బండిలో కాపురం ఉంటున్నామో నాకే తెలిసేది కాదు.

అది మా మావగారి ఎజ్డీ. ఆయన పశువుల డాక్టరు. దివిసీమ ఉప్పెన వెళ్ళిన మర్నాటి ఏడు, అంటే 1978లో కొన్నారట. చల్లపల్లి, మోపిదేవి, అవనిగడ్డ చుట్టుపక్కల ఊళ్ళన్నీ దాని మీదే తిరిగారు. పొలిమేరలో ఆ చప్పుడు వినపడగానే మనుషులు డాక్టరుగారొచ్చారని ఎదురెళ్ళేవాళ్ళట, గేదెలు సూదులొచ్చాయని పలుపుతాళ్ళు తెంపుకుని రెండోవైపు పరిగెత్తేవట. ఆయన రిటైరయ్యాక బండి మా విజయవాడ ఇంటి పెరట్లో పట్టా కిందకి చేరింది. పట్టా పైన పిల్లి ఈనింది, పట్టా కింద ఎలకలు పిల్లల్ని పెట్టాయి. వాటి మధ్య ఏం ఒప్పందం జరిగిందో గానీ చాలాకాలం అందరూ సుఖంగానే ఉన్నారు.

ఒక ఆదివారం మా ఆయన ఆ పట్టా తీశారు. "నాన్నగారి బండి, దీన్ని మళ్ళీ షోరూములోంచి వచ్చినప్పుడు ఎలా ఉందో అలా చేస్తాను" అన్నారు. విప్పడం ఆ ఒక్క ఆదివారంలోనే అయిపోయింది. బిగించడానికి ఎన్నేళ్ళు పట్టిందని మాత్రం నన్నడక్కండి. మా చిన్నాడు అప్పుడు పాకుతున్నాడు.

ఎవరడిగినా ఆయన చెప్పే జవాబు ఒకటే. "ఎనభై శాతం అయిపోయిందండీ." మొదటి దసరాకీ ఎనభై శాతమే, ఆ తర్వాతి దసరాలకీ ఎనభై శాతమే. ఈయన బ్యాంకులో ఇళ్ళ లోన్లు చూస్తారు. ఇల్లు ఎనభై శాతం పూర్తయింది, మిగతా డబ్బు ఇవ్వండని ఎవరైనా వస్తే నమ్మరు, స్వయంగా వెళ్ళి గోడలు తట్టి చూసొస్తారు. ఇంట్లో మాత్రం తట్టి చూసేవాళ్ళు లేరని ధైర్యం.

ఇంటికొచ్చినవాళ్ళు పొరపాటున ఇంజను వైపు చూశారా, ఇక కాఫీ చల్లారిపోవాల్సిందే. చెకొస్లొవేకియాలో బయల్దేరి మైసూరుకొస్తారు. 1961లో అక్కడ జావా బళ్ళు తయారవడం మొదలైందని, 1973 నుంచి వాటికి ఎజ్డీ పేరు పెట్టారని, సిలిండరు ఒకటే అయినా సైలెన్సర్లు రెండుంటాయని, అది ఎంత గొప్ప సంగతో మీకు తెలీదని. 1996లో ఫ్యాక్టరీ మూతపడే సరికి వచ్చినవాళ్ళు చెప్పులు వేసుకుంటూ ఉంటారు. 2022లో ఎజ్డీ పేరుతో కొత్త బళ్ళు వచ్చాయని పేపర్లో చూసి, "పోనీ అది కొనుక్కోకూడదూ?" అన్నాను. రెండ్రోజులు మాట్లాడలేదు. మూడోరోజు మాట్లాడి, "దాన్లో నాలుగు స్ట్రోకులుంటాయి" అన్నారు, అదేదో మన ఇంటా వంటా లేని రోగమైనట్టు.

ఇంకో మాట. ఆయన దీన్ని వింటేజి బండి అంటారు. ప్రభుత్వం 2021లో పెట్టిన రూలు ప్రకారం యాభై ఏళ్ళు దాటితేనే వింటేజి అని అనడానికి వీలు, అప్పుడే దానికి వేరే నంబరు ప్లేటు కూడా ఇస్తారు. ఈయన పట్టా తీసే నాటికి దీనికి అంత వయసు లేదు. కాబట్టి సర్కారు లెక్కలో ఇది వట్టి పాతబండి. నేను సర్కారుతో ఏకీభవించిన సందర్భాలు తక్కువ, ఇది వాటిలో ఒకటి.

ముందు పోయింది పోపుల డబ్బా. బోల్టులు సైజులవారీగా పెట్టుకోవడానికి దానంత అనువైంది లేదని పట్టుకెళ్ళారు. ఆవాల గిన్నెలో చిన్న స్క్రూలు, మెంతుల గిన్నెలో వాచర్లు, మినప్పప్పు గిన్నెలో నట్లు. నేను కొత్త డబ్బా కొనుక్కున్నాను. మూత రెండింటికీ ఒకేలా ఉండడం నా ఖర్మ. పులిహోర పోపుకి నూనె కాగాక మూత తీసి చూస్తే లోపల నిగనిగలాడుతూ స్ప్రింగు వాచర్లు.

తర్వాత చింతపండు. ట్యాంకు లోపలి తుప్పు వదలాలంటే చింతపండు పులుసు పోసి, గుప్పెడు నట్లు వేసి, ఊపుతూ ఉండాలట. ఏడాదికి సరిపడా గింజ తీసి, ఉప్పేసి జాడీలో పెట్టుకున్న పాత చింతపండు అది. పులుసు ట్యాంకులో పోశారు, పిల్లలిద్దరూ చెరోవైపు పట్టుకుని ఊయల ఊపారు. తుప్పు నిజంగానే వదిలింది, ఆ మాట ఒప్పుకోవాలి. ఆ వారమంతా మా ఇంట్లో టమాటా చారు.

కార్బొరేటరు నాన్తూ ఉందని సింకు పక్కన గిన్నెలో పెడితే పనమ్మాయి దాన్ని పీచుతో బరాబరా తోమి, బోర్లించి, "ఇది దేని మూతమ్మా, గిన్నె కనపళ్ళేదు" అంది. మా ఆయన గుండె పట్టుకున్నారు. తర్వాత విప్పి చూసుకుని, జెట్టు సన్నపు బెజ్జం కూడా శుభ్రంగా ఉందని, మిగతా సామాను కూడా ఆవిడ చేతే తోమిద్దామా అన్నారు. ఆవిడ జీతం పెంచమంది. ఆ మాట అక్కడితో ఆగిపోయింది.

ఫ్రిజ్జు సంగతి సరేసరి. క్రాంకు బేరింగులు ఇంజను కేసులోకి సుత్తితో కొట్టి దింపకూడదు, బేరింగుని ఫ్రీజర్లో పెడితే ముడుచుకుంటుంది, కేసుని వేడిచేస్తే సాగుతుంది, అప్పుడది తనంతట తనే జారి కూచుంటుంది. ఇది నాకెలా తెలుసంటారా? కేసుని వేడిచేసింది నా దోసెల పెనం మీదే. బేరింగులు పెట్టింది ఐస్‌క్రీం డబ్బాలో. మామూలుగా మన ఇళ్ళల్లో ఐస్‌క్రీం డబ్బా తెరిస్తే కరివేపాకో, అల్లం పచ్చడో ఉంటుంది, పిల్లలు ఆ మోసానికి అలవాటుపడి ఉంటారు. మా చిన్నాడు మాత్రం ఇనుముని చూసి గట్టిగా ఏడ్చాడు.

దసరాకి పంతులుగారు వాహన పూజకి వచ్చేవారు. "బండి ఏదండీ?" అంటే మా ఆయన అట్టపెట్టెలు వరసగా పేర్చి చూపించేవారు. ఆయన పాపం పెట్టెపెట్టెకీ పసుపూ కుంకుమా పెట్టి, నిమ్మకాయలు ఎక్కడ పెట్టాలో తెలియక చేతిలోనే పట్టుకుని నిలబడేవారు. కిందటి దసరాకి మాత్రం, "మీరు ఫోన్లో గోత్రం చెప్పండి చాలు" అన్నారు.

ఆటోనగర్ నుంచి మేస్త్రీ వచ్చాకే పని ముందుకి కదిలింది. విజయవాడ ఆటోనగర్లో లారీని పొద్దున విప్పి సాయంత్రానికి బస్సు చెయ్యగలవాళ్ళున్నారు గానీ, ఎజ్డీ అనేసరికి అందరూ ఈ మేస్త్రీ పేరే చెప్పారు. ఆయన వచ్చి, బెల్లం టీ తాగి, "ఈ బండి తెలిసినోళ్ళు ఊళ్ళో ఇద్దరమే మిగిలామండి. ఒకాయనకి చెయ్యి వణుకుద్ది, ఇంకోణ్ణి నేను" అన్నాడు. గ్లాసు కింద పెడుతుంటే చూశాను. ఈయన చెయ్యీ వణుకుతోంది.

అయినా చెయ్యి తిరిగినవాడు. అటక మీది సామాను దిగింది, మంచం కింది సామాను బయటికొచ్చింది, మా చిన్నాడి కుర్చీ పోయింది. మే నెలలో ఒక ఆదివారం పొద్దున బండి బండిలా గేటు దగ్గర నిలబడింది. ముందు బ్రేకు లైనర్లు ఇంకా రాలేదు. వెనక బ్రేకు పెడలు నికెల్ పాలిష్‌కిచ్చిన చోటే ఉంది. స్టాండుకి స్ప్రింగు దొరకలేదు. "స్టార్టు చేసి చూడ్డానికి ఇవన్నీ ఎందుకండీ? ఎక్కడికన్నా వెళ్తున్నామా ఏంటి?" అన్నాడు మేస్త్రీ. మా ఆయన ఎక్కి కూచుని, రెండు కాళ్ళూ నేలకి ఆనించి పట్టుకున్నారు.

ఈ బండి పుట్టుకలోనే ఒక తిరకాసుంది. కిక్కు రాడ్డూ గేరు రాడ్డూ ఒకటే, ఎడమవైపు ఉంటుంది. లోపలికి నొక్కి వెనక్కి తిప్పితే కిక్కు, స్టార్టయ్యాక ముందుకి మళ్ళిస్తే గేరు. అంతటితో అయిపోలేదు. ఆ గేరు రాడ్డుని కాలితో నొక్కితే క్లచ్చి తనంతట తనే విడిపోతుంది, కాలు తీస్తే తనంతట తనే పడుతుంది, చేత్తో క్లచ్చి పట్టుకోకపోయినా సరే. ఇదంతా మా ఆయన నాకు భోజనాల దగ్గర గరిటె పెట్టి చాలాసార్లు వివరించారు. ఆ పొద్దున ఆయనకి తప్ప ఇంట్లో అందరికీ గుర్తుంది.

పెట్రోల్లో నూనె కలపాలి, లీటరుకి 40 మిల్లీలీటర్లు. కొత్త పిస్టను కదా, నాలుగు చుక్కలు ఎక్కువైతే చలవ చేస్తుందని మా ఆయన కొసరు పోశారు. ఆ సంగతి తెలియక మేస్త్రీ కూడా కొసరు పోశాడు. మేస్త్రీ కిక్కు కొట్టాడు, కొట్టాడు, చొక్కా విప్పి కొట్టాడు. ఉన్నట్టుండి బండి లేచింది. గేదెలు ఎందుకు పారిపోయేవో నాకప్పుడర్థమైంది.

పొగ మామూలుగా రాలేదు. రెండు సైలెన్సర్లలోంచీ తెల్లగా, దట్టంగా, సందు ఆ చివరనుంచి ఈ చివరకి నిండింది. దోమల మందు బండి వచ్చిందనుకుని ఇళ్ళవాళ్ళందరూ టపటపా కిటికీలు వేసుకున్నారు, పాలగిన్నెల మీద మూతలు పెట్టుకున్నారు. పిల్లలు మాత్రం అలవాటు ప్రకారం పొగలోకి పరిగెత్తుకొచ్చారు.

"రాడ్డు ముందుకి తొయ్యండి సార్!" అని మేస్త్రీ అరిచాడు. మా ఆయన ఆనందంలో ఉన్నారు, కాస్త గట్టిగానే తొక్కారు. రాడ్డు ముందుకి మళ్ళి, అక్కడితో ఆగక కిందకి దిగి మొదటి గేరులో పడింది. పడిన చప్పుడికి ఉలిక్కిపడి కాలు తీసేశారు. కాలు తియ్యగానే క్లచ్చి పడింది. బండి బయల్దేరింది.

స్పీడేం లేదు, మనిషి నడిచినంతే. అందుకే చూడ్డానికి ఇంకా ఘోరంగా ఉంది. మా ఆయన రెండు కాళ్ళూ చాపుకుని గంభీరంగా గేటు దాటారు, సందు దాటారు, ఎదురింటి పిన్నిగారి గేటులోకి వెళ్ళారు. అక్కడ పిన్నిగారు నులకమంచం మీద పాత పంచె పరిచి మాగాయ ముక్కలు ఎండబెట్టారు. మూడు రోజులు ఉప్పులో ఊరి, ఊట పిండి, ఆ పొద్దునే ఎండలోకొచ్చిన ముక్కలు. బండి మంచాన్ని రాసుకుంటూ పోయి, ముందు చక్రం జామచెట్టుకి ఆనించి ఆగింది. వెనక సైలెన్సర్లు రెండూ సరిగ్గా మంచం కిందకి వచ్చాయి.

అప్పటికి మా ఆయనకి క్లచ్చి సంగతి గుర్తొచ్చి రాడ్డుని గట్టిగా తొక్కిపట్టారు. "కాలు తియ్యకండి సార్, తీస్తే చెట్టెక్కుద్ది!" అని మేస్త్రీ సందులోంచి కేకలు. ఆయన తియ్యలేదు. ఇంజనూ ఆగలేదు. నులక సందుల్లోంచి, పంచెలోంచి, ముక్కముక్కనీ పలకరిస్తూ పొగ పైకి లేస్తోంది. పిన్నిగారు గడప మీద నిలబడి నోట మాట లేకుండా చూస్తున్నారు. ఆవిడకి నోట మాట లేకపోవడం నేను అంతకుముందు ఎరగను.

తాళం తిప్పితే ఇంజను ఆగుతుందన్న సంగతి మా ఆయనకీ తట్టలేదు, మేస్త్రీకీ తట్టలేదు. బాబాయిగారు అరుగు మీంచి దిగారు. రైల్వేలో డీజిలు షెడ్డులో పనిచేసి రిటైరైన మనిషి, మూడు మాటలకి మించి మాట్లాడరు. చేతికి తువ్వాలు చుట్టుకుని, వంగి, ప్లగ్గు క్యాపు లాగేశారు. నిశ్శబ్దం. ముక్కు ఎగబీల్చి, "నూనె ఎక్కువైందోయ్" అన్నారు. ఇంకాసేపు వాసన చూసి, "చాలా ఎక్కువైంది" అన్నారు.

పిన్నిగారు ఒక ముక్క నోట్లో వేసుకుని ఉమ్మేసి, అప్పుడు మాట్లాడారు. ఆ మాటలు ఇక్కడ రాయను. తీర్పు మాత్రం చెప్తాను. ఆ సాయంత్రానికి మా ఆయన నూజివీడు కాయలు రెండు సంచులు తెచ్చారు. మా వరండాలో, ఇంజను ఖాళీ చేసిన చోటే, మా ఆయనా మేస్త్రీ ఎదురెదురుగా కూచుని ఆల్చిప్పలతో చెక్కు తీశారు. మేస్త్రీ ముక్కలన్నీ ఒకే మందంలో కోశాడు. చెయ్యి వణకలేదు. పిన్నిగారు ముక్కలు తిప్పితిప్పి చూసి, వచ్చే ఏడు ఆవకాయకి కూడా రమ్మన్నారు.

నేననుకున్నాను, ఇక్కడితో ఈ పీడ వదిలిందని. బాబాయిగారు ఆ రాత్రి నుంచే మా వరండాలో కనపడ్డం మొదలెట్టారు. పాయింటు చూశారు, ప్లగ్గు చూశారు. మూడు మాటలు ఆరయ్యాయి, ఆరు అరవై అయ్యాయి. వారం తిరక్కుండా వాళ్ళ పెరట్లో కొబ్బరి మట్టల కుప్ప కింద నుంచి ఏదో బయటికి లాగుతుంటే మా ఆయన వెళ్ళి ఓ చెయ్యి వేశారు. చూస్తే ఆల్విన్ పుష్పక్ స్కూటరు. హైదరాబాదులో తయారైన సరుకు. "ఒక్క ఆదివారం పని" అన్నారు బాబాయిగారు.

నిన్న మధ్యాహ్నం పిన్నిగారు గోడ మీంచి పిలిచారు. చేతిలో పాత న్యూస్‌పేపర్లో చుట్టిన బరువైన పొట్లం.

"ఏమ్మా, బేరింగులట. ఐస్ గడ్డల పక్కన పెట్టమంటారు మీ బాబాయిగారు. మాది ఆ రోజుల్లో కొన్న ఆల్విన్ ఫ్రిజ్జు, దానికేం కాదు కదా?"

"అదీ ఆల్విన్నే, ఇదీ ఆల్విన్నే, సర్దుకుపోతాయి పిన్నిగారూ" అన్నాను. "కాగితం తీసేసి కవర్లో చుట్టండి, చెమ్మ తగిల్తే తుప్పు పడుతుంది. దోసెల పెనం మాత్రం ఇప్పుడే ఎక్కడన్నా దాచేసుకోండి."