మరోట్సీ బైండ్ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ మరోట్సీ బైండ్ గారికి,

చదరంగంలో తెల్లవారు సి4, ఇ4 బంట్లతో మమ్మల్ని కట్టిపడేసే బంధం (బైండ్) తమరే కనుక, నల్లపావుల పక్షాన నమస్కరించి రాయునది. ఆదివారం మధ్యాహ్నమంతా మీ పుణ్యాన ఊపిరాడకుండా గడిచింది. తెల్లవారి ఇ4కు సి5తో బదులిచ్చే సిసిలియన్ ఆరంభంలో నాలుగో ఎత్తు జి6 ఆడామో లేదో, తమరు సి4, ఇ4 గడుల్లో రెండు బంట్లు పాతేశారు. రెంటి గురీ డి5 మీదే, ఇక అది తమరి జాగీరు.

డి5! మా బతుకంతా ఆ ఒక్క గడి కోసమే కదా. మా డి బంటు క్షేమంగా అక్కడ అడుగుపెడితే చాలు, కష్టాలు సగం తీరినట్టే. పోనీ బి5 తోద్దామని ఎ6 ఆడితే, ఎ4తో మూసేస్తారు. ఎఫ్5 అంటే మా రాజు ముందే కన్నం. ఓపిగ్గా కూర్చుంటే మీ గుర్రం దర్జాగా డి5లో దిగుతుంది. దాన్ని కొడితే, ఇ బంటుతో తిరిగి కొట్టి, తెరుచుకున్న ఇ ఫైలు (నిలువు వరుస) వెంట మా ఇ7 బంటు మీద పడతారు. కొట్టకపోతే గుర్రం గురి ఆ బంటు మీదే. ఇ6తో తరిమితే డి6 బంటు దిక్కులేనిదవుతుంది. ఇదేం న్యాయమండీ?

పైగా ఆ పేరొకటి! గేజా మరోట్సీ 1870లో సెగెద్‌లో పుట్టిన పెద్దమనిషి, లెక్కల మాస్టారు. మాంటెకార్లో టోర్నీల్లో 1902, 1904 రెండుసార్లూ ఆయనదే మొదటి స్థానం. అప్పటి ఛాంపియన్ లాస్కర్‌తో ప్రపంచ టైటిల్ పోరు 1906లో ఒప్పందం దాకా వచ్చి అటకెక్కింది. మంత్రులు మిగిలిన ఎండ్‌గేమ్‌లో (ఆట చివరి దశలో) బంట్ల లెక్క కాదు, ముందుకు దూసుకెళ్ళిన బంటే ముఖ్యమని 1907 కార్ల్స్‌బాద్‌లో అమెరికన్ ఆటగాడు మార్షల్‌కు చూపించాడు. 1927లో లండన్‌లో తొలి చదరంగ ఒలింపియాడ్ గెలిచిన హంగరీ జట్టులో ఉన్నాడు. తొలి మహిళా ప్రపంచ ఛాంపియన్ వెరా మెంచిక్‌కు గురువు. అంతటి మనిషి తమరికేం అపకారం చేశాడు? తెలిసిన తొలి ఆటలో, 1904 మాంటెకార్లోలో, తమరిని ప్రయోగించింది తెల్లపావులతో ఆడిన స్విడర్‌స్కీ. నల్లపావులతో ఎదుట కూర్చున్నది మరోట్సీ! కట్టేసినవాడొకడు, పేరు కట్టుబడ్డవాడిది.

ఇక మర్యాద చాలు. ఇరుకులో పడ్డవాడు పావులు మార్చుకోవాలి, ఆ మాత్రం మాకూ తెలుసు. డి4లో నీ గుర్రాన్ని మా సి6 గుర్రంతో కొట్టేస్తాం. రెండోదాన్ని డి7 మీదుగా సి5కి తెస్తాం, నువ్వు బి4తో వెంటనే తరమకుండా ముందే ఎ5 వేసి.

అసలు నీ ముఖమే చూడం. నువ్వు పుట్టేదే ఇ4 మీద మా దాడి లేనందుకు. మా గుర్రం ముందే ఎఫ్6కి దూకితే, ఇ4ను కాయడానికి నీ గుర్రం సి3కి రాక తప్పదు. సి బంటు దాని వెనకే చచ్చినట్టు పడుంటుంది. ఈసారి జి6కు బదులు నాలుగో ఎత్తులోనే దూకిస్తాం. ఆడు అప్పుడు సి4!