ఊళ్ళు ఇద్దరికీ కావాలి, కుర్రాడు ఎవరికీ వద్దు

ఒడిశాలోని బరంపురం స్టేషన్లో పడుకుంటున్న ఓ పంతొమ్మిదేళ్ళ కుర్రాడి దగ్గర ఒక ప్లాస్టిక్ ఫోల్డర్ ఉంది. అందులో పదో తరగతి మార్కుల లిస్టు, అతను పెరిగిన పిల్లల హోమ్ నుంచి బయటికి పంపినప్పుడు ఇచ్చిన కాగితం, ఆధార్ కార్డు ఉన్నాయి. కార్డు మీద అడ్రస్ ఆ హోమ్‌దే. పద్దెనిమిది నిండాయి కాబట్టి ఇప్పుడు ఆ గేటు అతనికి తెరుచుకోదు. రాత్రి పోలీసులు లేపినప్పుడల్లా ఆ కార్డే చూపిస్తాడు. 'మరి ఇంటికి పో' అంటారు వాళ్ళు.

తల్లిది శ్రీకాకుళం వైపు. మాట తెలుగు, చదువు ఒడియా. రెసిడెన్స్ సర్టిఫికెట్ ఉంటే ఏదో ఒక ట్రైనింగులో చేరొచ్చని ఇక్కడి ఆఫీసుకు వెళ్తే తండ్రి పేరు మీద భూమి కాగితం తెమ్మన్నారు. తండ్రెవరో తెలిస్తే హోమ్‌లో ఎందుకు పెరుగుతాడు? పైగా మాట యాస విని 'ఆంధ్రావాడివి కదా, అక్కడే తెచ్చుకో' అన్నారట. ఇచ్ఛాపురం దాటి వెళ్తే ఆధార్ చూసి 'నీది ఒడిశా బాబూ' అని వెనక్కి పంపారు. బస్సు ఛార్జీ దండగ.

సరిహద్దులోని కొటియా ఊళ్ళ కోసం కొట్టుకుంటున్నది ఈ రెండు రాష్ట్రాలే కదా! కొరాపుట్ జిల్లా పొట్టంగి బ్లాకులో కొండల మీద ఉన్న 21 ఊళ్ళ కోసం 1968లోనే సుప్రీంకోర్టు మెట్లెక్కారు. 2021లో ఆంధ్ర అక్కడ పంచాయతీ ఎన్నికలు పెడితే ఒడిశా కోర్టు ధిక్కారం పిటిషన్ వేసింది. ఒకరు రేషన్ ఇస్తే ఇంకొకరు పింఛన్ ఇస్తామంటారు. రెండు రాష్ట్రాల కార్డులూ ఉన్న ఇళ్ళున్నాయక్కడ. అక్కడి మనిషిని 'నువ్వు మావాడివే' అని చెరో చెయ్యి పట్టుకు లాగుతున్న ప్రభుత్వాలు, ఇక్కడ ప్లాట్‌ఫాం మీది కుర్రాడిని చూసి 'మావాడు కాదు' అని చేతులు వెనక్కి పెట్టుకుంటున్నాయి. కొండలో ఖనిజముంది, ఊళ్ళో ఓట్లున్నాయి. ఇతని దగ్గర ఫోల్డర్ మాత్రమే ఉంది.

చట్టం ఈ సాకుకు చోటివ్వలేదు. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 46వ సెక్షన్ ప్రకారం పద్దెనిమిది నిండి హోమ్ వదిలే పిల్లలకు నిలదొక్కుకునేందుకు ఆర్థిక సాయం ఇవ్వొచ్చు. 2016 నమూనా రూల్స్ ఇరవై ఒకటో ఏడు వరకు, తప్పనిసరైతే మరో రెండేళ్ళు ఆసరా ఇవ్వొచ్చన్నాయి. బయటికి వెళ్ళడానికి రెండు నెలల ముందే ప్లాన్ తయారు కావాలి. ఆరుగురి నుంచి ఎనిమిది మందికి కలిపి తాత్కాలికంగా ఒక ఇల్లు, ట్రైనింగు కాలంలో స్టయిపెండు, మంచీచెడూ అడిగే ఒక కౌన్సిలరు అని అందులో రాసే ఉంది. పిల్లల సంరక్షణకు ఉన్న కేంద్ర పథకం మిషన్ వాత్సల్య కింద ఒక్కొక్కరికి నెలకు 4,000 రూపాయలు, కేంద్రం 60 శాతం, రాష్ట్రం 40 శాతం. ఈ లెక్క సరిహద్దుకు ఇటూ ఒకటే, అటూ ఒకటే.

సిబ్బంది చాలరనీ, చిన్నపిల్లలకు చోటు కావాలంటే పెద్దవాళ్ళు కదలాల్సిందేననీ అధికారులు అంటారు. నిజమే కావచ్చు. కదిలితే ఎక్కడికి అన్నదే మా ప్రశ్న. బయటికి పంపిన రోజే రిజిస్టరులో 'పునరావాసం' అని రాసి ఫైలు మూసేయడం ఒక్కసారి అలవాటైతే, ఆ తర్వాత ప్రతి పిల్లాడి ఫైలూ అలాగే మూతపడుతుంది.

4,000 చేతికొచ్చినా గది దొరకడం అంత తేలిక కాదు. 'మీదే ఊరు? ఎవరబ్బాయివి? ఏమిటోళ్ళు?' ఇంటి ఓనరు అడిగే మూడు ప్రశ్నల్లో ఒక్కదానికీ ఈ కుర్రాడి దగ్గర జవాబు లేదు. అడ్వాన్సు ఇచ్చేదెవరు, హామీ ఉండేదెవరు? గది లేకపోతే ఉద్యోగం నిలవదు. రాత్రంతా పోలీసుల భయంతో మేలుకున్నవాడు పొద్దున్నే హోటల్లో ప్లేట్లు ఎన్నాళ్ళు కడుగుతాడు? చివరికి సూరత్ మిల్లుకో, హైదరాబాద్ ఇటుక బట్టీకో తీసుకుపోయే ఏజెంటు ఒక్కడే అతన్ని ఏ కాగితమూ అడగడు. ఆడపిల్లల సంగతి ప్లాట్‌ఫాం మీద కనబడదు. ఎవరింట్లోనో పనిమనిషిగానో, తెలియని మనిషికి భార్యగానో సర్దేస్తారు.

ఎన్నికలొచ్చినా, గంజాయి లారీలు పెరిగినా సరిహద్దు జిల్లాల కలెక్టర్లు, ఎస్పీలు ఒకే బల్ల చుట్టూ కూర్చుంటారు. ఫొటోతో సహా మేమే వేస్తాం. హోమ్ వదిలిన పిల్లల కోసం అలా కూర్చున్నారన్న వార్త మాత్రం మేమెప్పుడూ రాయలేదు. ఒక్క పూట కూర్చోండి. ఏ హోమ్‌లో పెరిగాడో ఆ జిల్లానే అతని సొంత జిల్లా అనుకుని సర్టిఫికెట్ ఇవ్వండి. తల్లి ఊరు ఎటువైపన్నది తర్వాత తేల్చుకోవచ్చు. కొటియా పంచాయితీలా దానికీ యాభై ఏళ్ళు పట్టినా మాకు అభ్యంతరం లేదు.

మన తెలుగు పెద్దలకూ ఒక మాట. పర్లాకిమిడిలో, రాయగడలో, బరంపురంలో ఉగాదికి వేదికెక్కి 'ఇక్కడ తెలుగువాణ్ణి పట్టించుకునే నాథుడు లేడు' అని ఏటా బాధపడుతూనే ఉన్నారు. ఇదిగో, పట్టించుకోవాల్సిన తెలుగువాడు స్టేషన్లోనే ఉన్నాడు. అతని గదికి హామీ సంతకం పెట్టడానికి మీలో ఎంతమంది వస్తారు?

ఇక ప్రభుత్వాలు. భువనేశ్వర్ నుంచి కొరాపుట్ వైపు వెళ్ళే హిరాఖండ్ ఎక్స్‌ప్రెస్ రాత్రిపూట బరంపురంలో ఆగుతుంది. కొటియాలో ఈసారి ఇంకో బోర్డు పాతడానికి బయల్దేరే పెద్దమనుషులు ఆ కాసేపూ కిందికి దిగండి. నిద్రపోతున్నవాణ్ణి లేపి 'నువ్వు ఎవరివాడివి?' అని అడగండి. కార్డు చూపిస్తాడు.