గోడలకూ చెవులుండాలి

హనుమకొండలో ఏదైనా సర్కారు బడికి మధ్యాహ్నం పూట వెళ్లి వరండాలో ఐదు నిమిషాలు నిలబడండి. వేలాడదీసిన రైలు పట్టా ముక్క మీద ఇనుప కడ్డీతో ఠంగున కొడతారు. పిల్లలంతా ఒక్కసారే బయటపడతారు. స్టీలు పళ్లేలు బండల మీద ఖంగుమంటాయి, నల్లా దగ్గర తోపులాట. మనకది బడి సందడి. ఆటిజం (మెదడు ఎదుగుదలలో పుట్టుకతో వచ్చే తేడా) ఉన్న పిల్లల్లో చాలామందికి తట్టుకోలేని మోత. చెవులు మూసుకుని మూలకు నక్కుతారు, లేదంటే గేటు వైపు పరుగెడతారు. 'మొండిఘటం' అని మనం తేల్చేస్తాం.

తప్పు గదిది. పైన స్లాబు, కింద గ్రానైట్, చుట్టూ నున్నటి గోడలు. శబ్దాన్ని పీల్చుకునేది ఒక్కటీ లేదు. పాత చోక్ ట్యూబులైటు సెకనుకు 100 సార్లు మిణుకుమంటుంది. మన కంటికి ఆనదు కానీ, కొందరు పిల్లలకు ఆ మిణుకూ, చోక్ రొదా రెండూ నరకమే.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 వైకల్యాల్లో ఆటిజాన్నీ చేర్చింది. భవనాలు అందరికీ అందుబాటులో ఉండే ప్రమాణాలను తప్పనిసరి చేయాలని 2024 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. మన ఎస్టిమేట్లు మాత్రం ర్యాంపు, పట్టుకునే కడ్డీ దగ్గరే ఆగిపోతున్నాయి. ఆ ర్యాంపైనా సైకిల్ స్టాండు కాకుండా ఉంటే సంతోషం.

ఈజిప్టు ఆర్కిటెక్ట్ మగ్దా మొస్తఫా ఇలాంటి పిల్లల కోసం ఏడు సూత్రాలు రూపొందించారు. శబ్దాన్ని అదుపు చేయడం, బెదిరినప్పుడు కాసేపు తప్పుకునే చోటు చూపించడం వాటిలో ఉన్నాయి. దీనికి కోట్లు అక్కర్లేదు. విరిగిన బెంచీలు పడేసిన స్టోర్ రూమ్ ఖాళీ చేసి, ఎల్ఈడీ బల్బు పెట్టి, కిటికీకి పరదా కట్టి, నేల మీదా గోడ మీదా వరంగల్ కొత్తవాడలో నేసే మందపాటి దర్రీలు (తివాచీలు) పరిస్తే సగం పని అయినట్టే. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన మన దర్రీకి మన బడిలోనే చోటు దొరకకపోవడం ఏమిటి?

ప్రహరీ మాట వేరే చెప్పాలి. ఈ పిల్లల్లో కొందరు చెప్పకుండా వెళ్లిపోతారు, నీళ్ల వైపు ఆకర్షితులవుతారు. ఊరూరా చెరువున్న ఓరుగల్లులో గేటుకు గడియ లేకపోవడం చిన్న లోపం కాదు.

వరంగల్ పాత సెంట్రల్ జైలు స్థలంలో 24 అంతస్తుల ఆసుపత్రి తలపెట్టారు. అన్నేసి అంతస్తులున్నప్పుడు, ఓపీ పక్కన గోల వినపడని ఒక్క గది ఈ పిల్లల కోసం కేటాయించాలి. టైల్స్ వేయకముందే ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం సర్కారు నడిపే భవిత కేంద్రాలకు వచ్చే తల్లులను పిలిచి ఆ గది చూపించాలి. ఏ మూల మోత ఎక్కువో ఇంజినీర్లకు వాళ్లే చెబుతారు.