ఇన్ఫోగ్రాఫిక్‌లో ముందు చూడాల్సింది తేదీ
సోషల్ మీడియా మార్కెటింగ్ నేర్చుకోడానికి పది ఇన్ఫోగ్రాఫిక్‌లు (సమాచారాన్ని బొమ్మలు, అంకెలతో ఒకే చిత్రంలో చూపేవి) దాచుకుంటే చాలన్న మాటతో సగమే ఏకీభవిస్తాను. ఏ వేదిక దేనికో మొత్తంగా అర్థం కావడానికి అవి బాగా పనికొస్తాయి, అంకెలు మాత్రం అలాగే ఎత్తి వాడకూడదు. ముందు తేదీ చూడాలి. 2019లో మూతపడిన గూగుల్ ప్లస్ అనే సోషల్ నెట్‌వర్క్ గుర్తు కనబడిందంటే ఆ ఇన్ఫోగ్రాఫిక్ అప్పటికే పాతబడినది. టిక్‌టాక్ సలహాలు 2020 జూన్ నిషేధం తర్వాత మనకి అక్కర్లేదు. అసలు చిక్కు "పోస్టుకి మంచి సమయం" పట్టికలతోనే. చాలా వాటిలో ఉండేది అమెరికా తూర్పు తీరం టైము. అక్కడ ఉదయం 9 అంటే మనకి చలికాలంలో రాత్రి 7:30, వాళ్ల వేసవిలో సాయంత్రం 6:30. గంటలు మార్చుకున్నా సరిపోదు, ఆ అలవాట్లు అక్కడివాళ్లవి కదా. విశాఖ ఎంవీపీ కాలనీలో కర్రీ పాయింట్ నడిపేవాళ్లు మధ్యాహ్నం కూరల ఫొటో 11 లోపే పెట్టాలి. అక్కడి ద్వారకానగర్ కోచింగ్ సెంటరుకైతే క్లాసులు వదిలాకే నయం. ఇన్‌స్టాగ్రామ్‌ని ప్రొఫెషనల్ ఖాతాగా మార్చి, ఫాలోవర్లు ఏ వేళల్లో ఉంటున్నారో ఇన్‌సైట్స్‌లో (ఖాతా లెక్కలు చూపే భాగంలో) చూడండి. అందులోంచి రెండు సమయాలు ఎంచుకుని నాలుగు వారాలు మార్చి మార్చి పెట్టండి. లైకులు కాదు, సేవ్‌లు, షేర్‌లు, ధర అడుగుతూ వచ్చిన మెసేజ్‌లు రాసుకోండి. సమయం, ఫొటో తీరు, క్యాప్షన్ మూడూ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తేలదు.